సోలార్ పవర్ బ్యాంకు, ఊపుడు చార్జర్: అపోహలు - వాస్తవాలు

అచ్చంపేటలో సోలార్ సామాన్లు అమ్ముత, బాగు చేస్త. గొర్ల మందలతోటి నెలల కొద్దీ బయట తిరిగేటోళ్లు, నల్లమల లోపలి పెంటలల్ల (చిన్న గూడేలల్ల) ఉండే చెంచులు, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే స్వాములు, బాయికాడ పండుకునే రైతులు.. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, కరెంటు లేని కాడ ఫోన్ చార్జింగ్‌కు ఏమన్న ఉన్నదా?" ఉన్నది. కాకపోతే ఆన్‌లైన్‌ల చూసి వాళ్లు అడిగే వస్తువు మాత్రం చాలాసార్లు అది కాదు.

అపోహ: 20,000 ఎంఏహెచ్ సోలార్ పవర్ బ్యాంకు కొంటే ఎండలోనే నిండుతది.

20,000 అనేది లోపల ఎంత పడతదో చెప్పే లెక్క. ఎండ నుంచి ఎంత వస్తదో చెప్పేది మీద అతికించిన ప్యానెల్ సైజు. అది మన అరచెయ్యంత ఉంటది. ఇప్పుడొచ్చే ఫోన్లలో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ మామూలు, అంటే సుమారు 19 వాట్ అవర్లు (ఒక వాటు చొప్పున గంట సేపు వస్తే ఒక వాట్ అవర్). 20,000 పవర్ బ్యాంకు అంటే 74. అరచెయ్యంత ప్యానెల్ నుంచి వచ్చేది వాటు, వాటున్నర. మన దిక్కు రోజుకు ఐదు గంటల నిండు ఎండ పట్టుకుంటే ఐదు నుంచి ఏడున్నర వాట్ అవర్లు. ఖాళీ పవర్ బ్యాంకు నిండాలంటే పది నుంచి పదిహేను రోజులు, మధ్యల పోయే కరెంటు లెక్కకు తీస్తే ఇంకా ఎక్కువ. పెద్ద తొట్టి కింద చుక్కల పైపు పెట్టినట్టే.

పైగా అన్ని రోజులు దాన్ని ఎండలో పెడితే లోపలి లిథియం బ్యాటరీ బాగా వేడెక్కుతది. ఆ బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చెయ్యొద్దు. మేలో గాలే ఆ దరిదాపుల్ల ఉంటది, బండ మీద పెట్టిన నల్ల డబ్బా సంగతి చెప్పే పనే లేదు. ఎండాకాలంలో మా కౌంటర్ మీదికి నడుమ ఉబ్బి, అంచులు విచ్చుకున్న పవర్ బ్యాంకులు వస్తనే ఉంటయి. ఉబ్బినదాన్ని ఒత్తొద్దు, పొడవొద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

ఆ ప్యానెల్ ఉత్తదని కాదు. కీప్యాడ్ ఫోన్ బ్యాటరీ 1,000 ఎంఏహెచ్, నాలుగు వాట్ అవర్లు కూడా ఉండదు. కాపరులకు అది సరిపోతది.

అపోహ: ఎండ ఎంత మండితే చార్జింగ్ అంత ఎక్కువ.

ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. డబ్బా మీద రాసే వాట్లు ప్యానెల్ 25 డిగ్రీల మీద ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు పోతే ఆరో వంతు అక్కడనే పాయె. కింద గాలి ఆడేటట్టు లేపి పెట్టాలె.

నీడ సంగతి ఇంకా మోసం. మడత ప్యానెల్‌కు యూఎస్‌బీ మీటర్ పెట్టి, ఒక్క గడి మీద చెయ్యి అడ్డం పెట్టి చూపిస్త. గడులన్నీ వరుసగా కలిపి ఉంటయి కాబట్టి, ఒక్కటి కప్పితే మీటర్‌లో కరెంటు దబ్బున పడిపోతది. చెట్టు కొమ్మ నీడ కొంచెమే కదా అనుకుంటరు, ఆ కొంచెంతోనే పని చెడుతది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉంటడు, పరిచి పెడితే చాలు. డిసెంబర్‌లో దక్షిణం దిక్కు ఏటవాలుగా పెట్టాలె.

అపోహ: నడుస్తుంటే జేబులోనే ఫోన్ నిండే చార్జర్ ఉన్నది.

దీక్షలో ఉన్న స్వాములు ఎక్కువ అడుగుతరు. ఈ ఊపుడు చార్జర్ లోపల వంద గ్రాముల బరువు ఒకటి ఉండి, అడుగడుగుకూ ఐదు సెంటీమీటర్లు ఎగిరి పడుతది అనుకుందాం. సెకనుకు రెండడుగులు వేస్తే వచ్చేది వాటులో పదో వంతు. పది గంటలు నడిస్తే ఒక్క వాట్ అవర్, అంటే ఫోన్‌లో ఐదు శాతం. అది కూడా ఎక్కడా ఏమీ పోలేదనుకుంటేనే. ఆటోమేటిక్ చేతి గడియారం నడుస్తలేదా అంటరు. గడియారానికి వాటులో లక్షో వంతు కూడా అక్కర లేదు, ఫోన్‌కు అట్ల కాదు.

స్వామీ, ఆ పైసలతోటి మంచి 10,000 పవర్ బ్యాంకు కొనుక్కోండి, ఇంటికాడ నింపుకొని పోండి. కొనేటప్పుడు బీఐఎస్ (సర్కారు నాణ్యత) గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నదా చూడండి. అడవిలో సిగ్నల్ లేని కాడ ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తాగుతది. అక్కడ ఫ్లైట్ మోడ్ పెడితే మిగిలేది ఏ ఊపుడు చార్జర్ ఇచ్చేదానికన్నా ఎక్కువే.

అపోహ: సైకిల్ డైనమో, చేత్తో తిప్పి చార్జ్ చేసే మర ఉత్తవే.

చేతి మర నిజంగనే తిప్పలు. ఆపదలో ఒక ఫోన్‌కాల్ వరకు పనికొస్తది, నింపాలంటే భుజం పడిపోతది. డైనమో అట్ల కాదు. పాత సైకిళ్లకు ఉండేది 6 వోల్టుల, 3 వాట్లది. కాకపోతే అది ఇచ్చేది ఏసీ, వేగాన్ని బట్టి వోల్టేజీ ఎక్కి దిగుతది. నడుమ రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసేది), 5 వోల్టుల రెగ్యులేటర్ (వోల్టేజీని ఒక్కతీరు ఉంచేది) పెట్టాలె. గంట తొక్కితే ఫోన్‌లో పదో వంతు ఎక్కుతది.

మోటార్ సైకిల్ ఉన్నోళ్లకు యూఎస్‌బీ చార్జర్ చాలు. తాళం తిప్పి బండి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరుకు కలపమనండి, లేకుంటే రాత్రంతా బండి బ్యాటరీ తాగుతది.

అపోహ: సోలార్ కరెంటు ఫోన్‌ను చెడగొడుతది.

5 వోల్టుల యూఎస్‌బీ నుంచి వస్తే ఏమీ కాదు. ఫోన్ ఎంత తీసుకోవాలో లోపలి చిప్పే చూసుకుంటది. చెడగొట్టేది వైరు కోసి ప్యానెల్‌కు నేరుగా కట్టుడు. '12 వోల్టుల ప్యానెల్' అని పేరే గానీ, లోడ్ లేనప్పుడు 20 వోల్టులు దాటుతది.

మబ్బు పట్టినప్పుడు ఫోన్ చార్జింగ్ ఆగి, ఆగి ఎక్కుతుంటది. అందుకే ఫోన్‌ను నేరుగా పెట్టకుండ, మడత ప్యానెల్ నుంచి చిన్న పవర్ బ్యాంకుకు, అక్కడి నుంచి ఫోన్‌కు. రెండూ ప్యానెల్ వెనుక నీడలో ఉండాలె.

అపోహ: బాయికాడ కరెంటు పోతే సోలార్ కొనుడు తప్ప దారి లేదు.

మందు కొట్టే బ్యాటరీ పంపు మీ దగ్గర ఉండనే ఉన్నది కదా. చాలావాటిలో ఉండేది '12 బై 8' బ్యాటరీ (12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు), అంటే 96 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ది అయితే సగం కన్నా కిందికి దించొద్దు, ఆ సగంతోనే రెండు ఫోన్లు నిండుతయి. బైకులకు పెట్టే 12 వోల్టుల యూఎస్‌బీ చార్జర్‌నే తెచ్చి కలపండి. ప్లస్, మైనస్ తారుమారు కాకుండ చూసుకోండి. ఫ్యూజు ఎర్ర వైరు మీద, బ్యాటరీకి దగ్గర్లనే ఉండాలె.