అన్నీ మొదటి గడిలోనే పడితే ఏం చేయాలి?

చిరంజీవి బుజ్జికి, మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నువ్వు పంపిన ఫొటో చూశాను. మీ టీచర్ గారు కాగితం మీద నాలుగు గడులు గీసి ఇచ్చి, మీ పనులన్నీ అందులో సర్దమన్నారు. ముఖ్యమైనవీ, అర్జెంటుగా చేయాల్సినవీ మొదటి గడిలో. ముఖ్యమే గానీ తొందర లేనివి రెండో గడిలో. తొందరే గానీ అంత ముఖ్యం కానివి మూడో గడిలో. రెండూ కానివి నాలుగో గడిలో. నువ్వేమో పదకొండు పనులు రాశావు, పదకొండూ మొదటి గడిలోనే రాశావు. చోటు చాలక చివరి రెండూ మార్జిన్లోకి ఎక్కాయి. "తాతయ్యా, అన్నీ అర్జెంటే అయినప్పుడు ఈ కాగితం ఎందుకు? రాశాక ఇంకా టెన్షన్ ఎక్కువైంది" అని అడిగావు.

సరైన ప్రశ్నే అడిగావు. ఆఫీసుల్లో పనిచేసే పెద్దవాళ్ళకి ఈ కాగితం ఇచ్చినా మొదటిరోజు ఇలాగే నింపుతారు.

ఈ కాగితానికి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు పెట్టి పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైన్యాలను దింపిన సేనాపతి ఆయన. అధ్యక్షుడయ్యాక 1954 ఆగస్టులో ఒక సభలో మాట్లాడుతూ, తన సమస్యలు రెండు రకాలనీ, అర్జెంటువి ముఖ్యమైనవి కావనీ, ముఖ్యమైనవి ఎప్పుడూ అర్జెంటు కావనీ అన్నారు. అదీ తన మాట కాదు, ఒక కాలేజీ మాజీ అధ్యక్షుడు చెప్పిన మాట అని కూడా చెప్పారు. నాలుగు గడులు గీసింది మాత్రం తర్వాత వచ్చినవాళ్ళు. ఆయన సంగతి ఇంతటితో చాలు. నాకు ఈ గడులు అర్థమైంది మా పొలం గట్టు మీద. అక్కడికి రండి.

మాది గోదావరి కాలువ కింద వరి పొలం. ఊడ్పులయ్యాక చేలో నీళ్ళు నిలబెట్టాలి. నీళ్ళని ఆపేది గట్టు, ఆ గట్టుకి శత్రువు పీత. గట్టుని తొలిచి బొరియ చేసుకుంటుంది. బొరియ మూతి నీ బొటనవేలంత ఉంటుంది, అంతే. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. కానీ గట్టుకి అవతలివైపు, పొడిగా ఉండాల్సిన చోట, అరచేయంత తడిమచ్చ తేలుతుంది. మా నాన్న రోజూ పొద్దున్నే పార భుజాన వేసుకుని గట్ల మీద తిరిగేవారు. తడిమచ్చ కనిపిస్తే ఆగి, ఇవతలివైపు నీళ్ళలో చెయ్యి పెట్టి తడుముకుంటూ బొరియ మూతి పట్టుకునేవారు. బంకమట్టి ముద్ద చేసి అందులో కూరి, మడమతో గట్టిగా తొక్కేవారు. మట్టిలో మడమ గుర్తు దిగేది. ఐదు నిమిషాల పని. చూసేవాళ్ళుండరు, మెచ్చుకునేవాళ్ళూ ఉండరు.

వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాను. ఆ కన్నంలోంచి నీళ్ళు పోతూ పోతూ మట్టిని కూడా తీసుకుపోతాయి. కన్నం పెద్దదవుతుంది. ఒకరోజు రాత్రి పెద్ద వాన పడి చేలో నీళ్ళు పెరిగితే గట్టు అక్కడే తెగుతుంది. అదే గండి. ఇక కేకలు, లాంతర్లు, పరుగులు. గడ్డి మోపులు, మట్టి నింపిన గోనెసంచులు మోసుకొస్తారు. నడుంలోతు నీళ్ళలో నిలబడి గండికి అడ్డం వేసినవాణ్ణి ఊరంతా మెచ్చుకుంటుంది. పిల్లలకి మాకు అదంతా తిరునాళ్ళలా ఉండేది. మా చేలో గండి పడ్డం అరుదు కాబట్టి మా నాన్నని ఎవరూ మెచ్చుకునేవాళ్ళు కాదు. నాకది అన్యాయంగా తోచి ఒకసారి ఆయనతోనే అన్నాను. "పొద్దున్నే లేస్తే నువ్వూ రా, చూపిస్తా" అన్నారు. ఇంకేం అనలేదు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. చేలు ఎండి బీటలు వారి ఉంటాయి, నీళ్ళ ఊసే ఉండదు. సరిగ్గా అప్పుడే పంటబోదెల్లో, అంటే చేలకి నీళ్ళు తెచ్చే చిన్న కాలువల్లో, పూడిక తీసేవారు నాన్న. మిట్టమధ్యాహ్నం అయ్యేలోపే ఆపేసి వేపచెట్టు కిందికి వచ్చేసేవాళ్ళం. అడుగున ఇంకా చెమ్మ ఉన్నచోట బురదలో కొరమీను దొరికేది. నీళ్ళు లేకుండా బురదలో అన్ని రోజులు ఎలా బతికుంటుందా అని నేను దాన్ని చూస్తూ కూర్చుంటే, నాన్న దాన్ని తాటాకులో చుట్టి ఇంటికి పరిగెత్తమనేవారు. కొరమీను పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుందని పెద్దయ్యాక చదివాను. చదివినా ఆ ఆశ్చర్యం పోలేదు. మీరెప్పుడైనా చేపల మార్కెట్టుకి వెళ్తే కొరమీనులున్న తొట్టి దగ్గర కాసేపు నిలబడండి. మాటిమాటికీ మూతి పైకి పెట్టి గాలి మింగుతాయి.

సరే, గడుల్లోకి వద్దాం. గండి అంటే మొదటి గడి. పీత బొరియ, బోదెలో పూడిక, రెండో గడి. "మావా, నీ పార ఒక్కసారి ఇయ్యి, అర్జెంటు" అని పక్కచేలోంచి ఎవరో కేకేస్తే అది మూడో గడి. అతనికి అర్జెంటే, మన చేనుకి కాదు. పని వదిలేసి గట్టున కూర్చుని ఎవరి ఎడ్లు బలంగా ఉన్నాయో వాదించుకోవడం నాలుగో గడి. ఇప్పుడు ఇంకోటి చూడు. గండి ఎక్కడినుంచి వచ్చింది? పట్టించుకోని బొరియలోంచి. మొదటి గడిలో ఉన్న పనుల్లో చాలావరకు ఒకప్పుడు రెండో గడిలో ఉండి, ఎవరూ చూడక అక్కడికి చేరినవే. నన్నడిగితే ఈ కాగితం ఉన్నదే ఆ రెండో గడి కోసం.

మరి నీ పదకొండు పనుల్ని ఏం చేద్దాం? ఒక్కో పని పక్కన ముందు తేదీ రాయి, ఎప్పటిలోగా అయిపోవాలో. రేపటి లెక్కల హోంవర్కుకి తేదీ ఉంది. సైన్స్ ప్రాజెక్టుకి ఇంకా మూడు వారాలుంది. హిందీ చదవడం సరిగ్గా రావట్లేదని రాశావు, దానికి తేదీయే లేదు. తేదీ లేనిది మనసులో ఎంత గోల చేసినా అర్జెంటు కాదు. తర్వాత రెండో ప్రశ్న: ఇది చేయకపోతే నెల తర్వాత కూడా దాని బాధ ఉంటుందా? ఉంటే ముఖ్యం. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపి అడగొద్దు, విడివిడిగా అడుగు. కలిపి అడిగినందుకే నీకు అన్నీ ఒకే గడిలో పడ్డాయి.

సైకిలు బ్రేకు పట్టడం లేదని ఎక్కడో చివర్న మార్జిన్లో రాశావు. దాని తేదీ ఈరోజే, అది మొదటి గడిలో మొదటి పని. ఈరోజే నాన్నకి చెప్పు, బాగుచేయించేదాకా ఆ సైకిలు ఎక్కకు.

క్లాసు గ్రూపులో ఎవరో నోట్సు ఫొటోలు వెంటనే పంపమన్నారని రాశావు. అది పార అడిగిన కేక. ఇవ్వొద్దని కాదు, స్నేహితులకి సాయం చేయాలి. కాకపోతే "రాత్రి భోంచేశాక పంపుతా" అని చెప్పి, నీ పనికి నువ్వు వెళ్ళు. ఆఫీసుల్లో అయితే మూడో గడి పనులు వేరేవాళ్ళకి అప్పగించమంటారు. మీకు గుమాస్తాలు లేరు కదా, కాబట్టి వాటన్నిటికీ కలిపి రోజుకి ఒక అరగంట ఇవ్వండి.

రెండో గడి పనులకి మాత్రం రోజు, గంట రాయాలి. వాటంతట అవి మనల్ని పిలవవు. "సైన్స్ ప్రాజెక్టు" అని రాసి వదిలేస్తే అది అక్కడే పడి ఉంటుంది. "బుధవారం సాయంత్రం ఆరింటికి, ప్రాజెక్టుకి కావాల్సిన సామాను జాబితా" అని రాయి. "రోజూ స్నానానికి ముందు హిందీ పాఠం ఒక పేజీ పైకి చదవడం" అని రాయి.

ఇంకొక మాట, ఇది అందరికీ. నీ తమ్ముడు సాయంత్రం ఆటని నాలుగో గడిలో రాశాడట. కొట్టేయమను. ఆట, నిద్ర రెండో గడివే. ఎవరో ఏదో పెట్టారని ఫోన్లో వేలితో పైకి తోసుకుంటూ పోవడం నాలుగో గడి. ఆ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఫోన్లో కూడా ఇలాంటి గడులు వస్తాయి, అందులో రాయొచ్చు కదా అంటారేమో. జాబితా చూద్దామని ఫోను తెరిస్తే, జాబితా కన్నా ముందు మెసేజిలు కనిపిస్తాయి. కాగితానికి ఆ బాధ లేదు. పాత నోటుబుక్కులో మిగిలిన తెల్ల పేజీ చాలు. పెన్సిల్‌తో రాయండి, పనులు గడులు మారుతుంటాయి. మొదటి గడి చిన్నదిగా, మూడు వరసలు పట్టేంతే గీయండి. రెండోది పేజీలో సగం రానివ్వండి. గోడకో, చదువుకునే బల్ల ముందో అతికించుకోండి. ఆదివారం కొత్తది గీసుకునే ముందు పాతదాంట్లో మొదటి గడి ఒకసారి చదవండి. ఒక్కో పని ఎన్నాళ్ళ క్రితం బొరియగా ఉండిందో, అప్పుడు మీరు ఏం చేస్తూ ఉన్నారో గుర్తుచేసుకోండి. ఎవర్నీ తిట్టుకోనక్కర్లేదు, చూస్తే చాలు.

బుజ్జీ, ఈసారి కాగితం ఫొటో నాకు పంపక్కర్లేదు, అది నీది. రెండో గడిలో ఏం రాశావో, ఏ రోజుకి పెట్టుకున్నావో ఒక్క ముక్క రాయి. బ్రేకు బాగయిందో లేదో మాత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ
తాతయ్య