మద్యం పాఠం మద్యాన్ని నేర్పుతుందా? అపోహలు – వాస్తవాలు

పశ్చిమ సిడ్నీ బడుల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు, ఎనిమిదో తరగతికి మద్యం గురించిన ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యే వారంలో మన తెలుగు తల్లిదండ్రుల నుంచి ఏటా ఫోన్లు వస్తాయి. "మా వాడికి ఆ ఊసే తెలియదండీ, వాణ్ణి ఆ క్లాసుకు పంపకండి" అన్నది వాటి సారాంశం.

అపోహ: చెబితే లేని ధ్యాస పుట్టించినట్లే.

వాస్తవం: పరాయి దేశంలో బిడ్డను పెంచుతున్న తల్లి భయం నాకు తెలుసు, కానీ వాట్సాప్‌లో చేతులు మారిన ఈ మాటకు ఆధారం లేదు. ఒకప్పుడు 'క్లైమేట్ స్కూల్స్'గా పిలిచిన ఈ కోర్సు ఇప్పుడు సిడ్నీ విశ్వవిద్యాలయంలోని మటిల్డా సెంటర్ రూపొందించే 'అవర్ ఫ్యూచర్స్'లో భాగం. మద్యం, గంజాయి రెండింటి మీదా తయారైన దాని పాఠాలను 10 బడుల్లో 764 మంది పిల్లలతో పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. పాఠాలు విన్నవారిలో తాగుడు పెరగలేదు సరికదా, విననివారితో పోలిస్తే వారానికి తాగే మోతాదు తగ్గింది. తేడా అద్భుతమేమీ కాదు, అయినా అది తగ్గుదలే. పదమూడేళ్ళకే పాఠం ఎందుకంటే, అలవాటు మొదలయ్యాక చెప్పి ప్రయోజనం తక్కువ కనుక.

పిల్లవాణ్ణి తాగుడు వైపు నెట్టేది పాఠం కాదు, "అందరూ తాగుతున్నారు, నేనే మిగిలిపోయాను" అన్న భ్రమ. ఒక తరగతిలో పేర్లు రాయకుండా చీటీలు తీసుకున్నాను. తోటివారిలో సగానికి పైగా తాగుతున్నారని చాలామంది ఊహించారు. తాగామని రాసినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ లెక్క బోర్డు మీద వేసినప్పుడు కొందరి ముఖాల్లో కనబడిన నిశ్చింతను నేను మరువలేను. ఆ ఊసే తెలియదని వాళ్ళమ్మ చెప్పిన కుర్రవాడే ఆ రోజు లేచి, పార్టీలో స్పృహ తప్పిన స్నేహితుణ్ణి అలా పడుకోబెట్టి వచ్చేయవచ్చా అని అడిగాడు. ఒంటరిగా వదలకూడదనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టి అత్యవసర సేవల నంబరు 000కు ఫోన్ చేయాలనీ ఆ వేళ తరగతి మొత్తం నేర్చుకుంది.

అపోహ: ఆన్‌లైన్ అంటే పిల్లలు నొక్కుకుంటూ పోయేదే.

వాస్తవం: ఆన్‌లైన్‌లో చూసే కార్టూన్ కథ పాఠంలో సగమే, మిగిలిన సగం ఉపాధ్యాయుడి ఎదుట చర్చ, అభినయం.

అపోహ: ఇంట్లో మన కళ్ళ ముందు గుక్కెడు రుచి చూపిస్తే బయట తాగడు.

వాస్తవం: ఆస్ట్రేలియాలో 1,927 మంది పిల్లలను ఆరేళ్ళు గమనించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, తల్లిదండ్రులు మద్యం ఇవ్వడం వల్ల ఏ రక్షణా కనబడలేదు. పద్దెనిమిది నిండేదాకా అసలే వద్దని 2020 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. "బీరే కదా" అనే నాన్నలకు ఒక లెక్క: 285 మిల్లీలీటర్ల బీరులోనూ, 100 మిల్లీలీటర్ల వైన్‌లోనూ ఉండేది ఇంచుమించు అదే 10 గ్రాముల ఆల్కహాలు.