ఎన్నేళ్లు బతుకుతారని అడిగారు కదా

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద కూర్చుని "అవ్వా, హెచ్‌ఐవీ వస్తే ఎన్నేళ్లు బతుకుతారు?" అని అడిగారు. ఇంతలో తాత భోజనానికి పిలిచారు, మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని, దాన్ని అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

ఈ వైరస్ మనిషిని నేరుగా చంపదు. రోగాలతో పోరాడే సీడీ4 కణాలను తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో అవి 500 పైనే ఉంటాయి. 200 కిందికి పడిపోతే మామూలుగా మన జోలికి రాని జబ్బులు కూడా మీద పడతాయి. అన్నిటికంటే ముందు వచ్చేది టీబీ, ఎక్కువమందిని తీసుకుపోయిందీ అదే. కాబట్టి ఎన్నేళ్లు అన్నది చాలావరకు మొదటిసారి ఆసుపత్రి మెట్టెక్కిన రోజునే తేలిపోతుంది. ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షల్లో ముందే బయటపడుతుంది. మగవాళ్లు అలా కాదు. లారీ తోలేవాళ్లు, హోటల్లో పనిచేసేవాళ్లు ఒకరోజు కూలి పోతుందని ఆగి ఆగి, ఎముకల గూడయ్యాక వచ్చేవాళ్లు. అప్పటికి మాత్ర ఇచ్చినా ఒక్కోసారి శరీరం నిలబడేది కాదు.

మన దేశంలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. అప్పట్లో సీడీ4 బాగా పడిపోతేనే మొదలుపెట్టేవాళ్లం. బాగున్నవాళ్లను "ఇంకా అవసరం లేదమ్మా" అని తిప్పి పంపడం నాకిప్పటికీ బాధే. 2017 నుంచి ఆ లెక్క పోయింది, పాజిటివ్ అని తేలితే చాలు, మందు మొదలుపెడతారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకటే మాత్ర.

ఆ ఒక్కటీ రోజూ వేసుకోవడమే అసలు కష్టం. పాతబస్తీలో ఒక్క గదిలో అద్దెకుండే ఒకామె సీసా మీది కాగితం గీకేసి, మాత్రలు మెంతుల డబ్బాలో పోసుకునేది. గలగలమంటే పక్కింటివాళ్లు అడుగుతారని మధ్యలో దూది కుక్కేది. ఇంటి ఓనరమ్మ కబుర్లకు వచ్చి పదకొండైనా లేవకపోతే ఆ రాత్రి మాత్ర లేనట్టే. ఆదోనిలో పెళ్లికి వెళ్తే మూడు రోజులు లేదు. అలా మానుతూ వేసుకుంటూ ఉంటే వైరస్ మందుకు లొంగడం మానేస్తుంది, వేరే మందులకు మారాల్సి వస్తుంది. ఆమెకు మాత్ర విలువ తెలియక కాదు, ఆ గది ఖాళీ చేయమంటారన్న టెన్షన్.

మరి మీ ప్రశ్నకు జవాబు. తొందరగా తెలుసుకుని, మాత్ర మానకుండా, టీబీ రాకుండా చూసుకుంటే దాదాపు అందరిలాగే బతుకుతారు. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే భార్యకో భర్తకో కలయిక వల్ల అంటదు కూడా. ఈ ముక్క తెలిసిన ఇళ్లలో మనుషులు కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకుంటారు.

మీ హాస్టల్‌లో ఎవరికైనా అనుమానం ఉంటే 1097కి ఫోన్ చేయమనండి, డబ్బులు పడవు. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష కూడా ఉచితమే. ఒకరి ఫలితం వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఎవరైనా రాత్రిపూట చాటుగా మాత్ర వేసుకుంటూ కనబడితే ఏం మాత్ర అని అడగొద్దు. ఒక గ్లాసు నీళ్లిచ్చి మీ పనికి మీరు వెళ్లండి.

మీ అవ్వ,
కర్నూలు