చిల్లగింజ, ముష్టిగింజ

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేం మా పిన్నివాళ్ల మేడమీద చిక్కుకుపోయాం. కింద నడుములోతు నీళ్లు. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. ఎటు చూసినా నీళ్లే, గొంతు తడుపుకోవాలంటే మాత్రం పడవలో ఎవరైనా తెచ్చే సీసా కోసం కాచుకుని కూర్చోవాలి. ఆ టెన్షన్‌లో అమ్మమ్మ పిట్టగోడ మీంచి కిందికి చూస్తూ అంది: "మా చిన్నప్పుడు కృష్ణ ఎర్రగా వస్తే బానలో చిల్లగింజ అరగదీసేవాళ్లం నాన్నా. తెల్లారేసరికి నీళ్లు తేటపడేవి."

ఆ బుడమేరు నీళ్లను చిల్లగింజ బాగుచేయలేదు. వాటిలో మురుగు కలిసింది, మునిగిన బళ్ల ఆయిలూ కలిసింది. గింజ దించగలిగేది మట్టిని. అయినా అమ్మమ్మ మాట మనసులో ఉండిపోయింది. మరుసటి ఏడు వానాకాలం వన్‌టౌన్‌లో మూలికలమ్మే కొట్టుకెళ్లి గుప్పెడు చిల్లగింజలు కొన్నాను. పద్మావతి ఘాట్‌లో ఒక క్యాను నిండా ఎర్రనీళ్లు పట్టుకొచ్చాను.

గింజ గుండ్రంగా, కాస్త ఉబ్బుగా, చొక్కా గుండీ అంత ఉంటుంది. గోధుమరంగు, పైన సన్నటి నూగు. రాయిలాంటి గట్టిదనం. అమ్మమ్మ సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, గంధం తీసినట్టు తీసింది. తెల్లటి జిగురు ముద్ద వచ్చింది. రెండు గాజు సీసాల్లో ఏటినీళ్లు పోసి, ఒకదాంట్లో ఆ ముద్ద చిటికెడు కలిపి గరిటెతో మెల్లగా తిప్పింది. కాసేపటికి ఆ సీసాలో నీళ్లు విరిగిన పాలలా కనిపించాయి. ఎర్రటి తునకలు ఏర్పడ్డాయి, ఒకదాన్నొకటి పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి అడుగున వేలెడు మందాన మట్టి, పైన తేటనీళ్లు. పక్క సీసా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో ఐదువందలో వంతు కన్నా చిన్నవి. వాటిలో మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న రేణువు నిలకడ నీళ్లలో గంటకు మూడు మిల్లీమీటర్లు దిగితే గొప్ప. పది సెంటీమీటర్లు దిగడానికి ఒక పగలూ రాత్రీ దాటిపోతుంది. పైగా ఆ రేణువులన్నిటి మీదా రుణావేశం, అంటే నెగెటివ్ విద్యుత్తు, ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి, కలిసి బరువెక్కవు. చిల్లగింజలో పొడవాటి గొలుసుల్లాంటి పిండిపదార్థాలున్నాయి, మాంసకృత్తులున్నాయి. ఆ గొలుసు ఒక కొసన ఒక రేణువునూ మరో కొసన ఇంకో రేణువునూ పట్టుకుంటుంది. రేణువు వెడల్పు పది రెట్లయితే దిగే వేగం సుమారు వంద రెట్లవుతుంది. అందుకే రోజుల పని గంటల్లో తెమిలింది. మున్సిపాలిటీ వాళ్లు నీళ్లలో పటిక కలిపేదీ ఇదే లెక్కన. మునగగింజ పొడికి కూడా ఈ గుణం ఉంది.

అమ్మమ్మ మరో సీసాలో గింజముద్ద ఎక్కువే వేసి చూపించింది. అది సరిగ్గా తేరలేదు. ప్రతి రేణువుకీ గొలుసులు పూర్తిగా చుట్టేసుకుంటే పక్కదాన్ని పట్టుకోవడానికి చోటు మిగలదు. "చిటికెడే" అని అమ్మమ్మ ఎందుకందో అప్పుడు తెలిసింది.

చిల్లచెట్టు మన ఎండు అడవులది. సుశ్రుతుడి కాలం నుంచీ వైద్యులకు తెలుసు, సంస్కృతంలో కతకం అంటారు. చెట్టును చూడాలనిపించింది. మాచర్ల అవతల నల్లమల అంచున, అనుమతి తీసుకుని, ఒక చెంచు పెద్దాయన వెంట తిరిగాను. ఆయన ముందు చూపించింది చిల్లచెట్టును కాదు, ముష్టిని. "ముందు దీన్ని గుర్తుపట్టు బాబూ, తర్వాత దాని దగ్గరికి పోదాం" అన్నాడు.

వృక్షశాస్త్రంలో చిల్ల, ముష్టి రెండూ ఒకే ప్రజాతి, స్ట్రిక్నాస్. ఆకులు రెంటికీ జంటలు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి, ఆకు మొదట్నుంచే ఈనెలు చీలి పొడవునా సాగుతాయి. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది. మన వెన్నుపాములో కండరాలకు బ్రేకు వేసే గ్లైసిన్ అనే పదార్థం ఉంది. స్ట్రిక్నిన్ దాని పనిని అడ్డుకుంటుంది. బ్రేకు పోయిన కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయి, చివరికి ఊపిరి ఆగిపోతుంది. చిల్లగింజలో ఆ విషం లేదు. ఒకే ప్రజాతిలో ఒకటి బానలోకి, ఒకటి పాడెమీదికి. పెద్దాయన నేలమీద వెతికి రెండు గింజలు తీసి నా అరచేతిలో పెట్టాడు. ముష్టిది పెద్దది, పలకగా బిళ్లలా ఉంది, పట్టుగుడ్డలా మెరుస్తోంది. చిల్లది చిన్నది, బొద్దుగా ఉంది. కాయలైతే ఇంకా తేలిక. ముష్టిపండు నారింజరంగులో చేతినిండా ఉంటుంది, చిల్లపండు నేరేడులా నల్లగా, చిన్నగా. "రెండూ ఒక సంచిలో వేయొద్దు" అని రెండుసార్లు చెప్పాడు.

అడవిలో బతకడం అనగానే మన కుర్రాళ్లు కత్తి, తాడు, టెంటు కొంటున్నారు. తప్పులేదు. కానీ నాకు ఆ రోజు పెద్దాయన చేతిలో గొడ్డలి కన్నా కళ్లు ఎక్కువ పని చేస్తూ కనిపించాయి.

నల్లమలది ఉష్ణమండలపు ఆకురాల్చే అడవి. ఏడాది వాన దాదాపు నాలుగైదు నెలల్లోనే కురిసి ముగుస్తుంది. మిగతా కాలం ఆకుల్లోంచి నీరు ఆవిరై పోకుండా చెట్లు ఆకులే వదిలేసుకుంటాయి. కొన్ని మానులో నీళ్లు దాచుకుంటాయి. గోదావరి పక్క పాపికొండల్లో కొండరెడ్లు చెప్పిన గుర్తులు పట్టుకుని 2024 మార్చిలో అటవీ అధికారులు ఒక నల్లమద్ది మానుకు గాటు పెడితే కొళాయిలోంచి వచ్చినట్టు నీళ్లు చిమ్మాయి. ఘాటైన వాసన, పుల్లటి రుచి. మొసలివీపులాంటి ఆ బెరడు నల్లమలలోనూ కనిపించింది. నేను చెయ్యి మాత్రం వేసి చూశాను. అలాంటి మానును సరదాకి గాటు పెట్టడం నాకు నేరంలా అనిపిస్తుంది.

తేరిన నీళ్లయినా కాచకుండా తాగకూడదు, క్రిములన్నీ మట్టితోపాటు దిగిపోవు. కాచాలంటే నిప్పు కావాలి. పెద్దాయన చెకుముకి తీశాడు. రాయిలోంచి నిప్పు పుడుతుందని నేనూ అనుకునేవాణ్ణి. నిజానికి పదునైన రాయి ఉక్కును గీరినప్పుడు లేచే ఇనుపరజను గాలి తగిలి మండుతుంది. ఆ రవ్వ దూదిలో పడాలి. దూది కాస్త చెమ్మగిల్లినా రవ్వ చచ్చిపోతుంది, దాని వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. గది వేడిలో ఉన్న నీళ్లను మరిగే దాకా తేవడానికి ఎంత వేడి కావాలో, వాటిని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి ఆరేడు రెట్లు కావాలి. అందుకే ఆయన దూదిని మూత బిగించిన డబ్బాలో దాచుకున్నాడు. పుల్లలు కూడా నేలమీదివి ఏరలేదు. చెట్టుమీదే ఎండి నిలబడిన కొమ్మల్ని విరిచాడు. ఫట్‌మని విరిగితే చేతిలోకి, వంగితే వదిలేశాడు.

ఇంటికొచ్చి సంచి విప్పగానే అమ్మమ్మ గింజలు చాటలో పోసి, కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూసింది. ఎందుకని అడిగాను. "నువ్వు తెచ్చావు కదా నాన్నా, చూసుకోవద్దూ?" అంది. అన్నీ చూశాకే ఒకటి తీసి సానరాయి దగ్గరికి తీసుకెళ్లింది.