బ్రిడ్జ్‌లో వేలం పాట: అపోహలు - వాస్తవాలు

ఇద్దరిద్దరు జోడీలుగా నలుగురు ఆడే పేకాట బ్రిడ్జ్. అది నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఆట కన్నా పాట (ఏ తురుపుతో ఎన్ని ట్రిక్కులు, అంటే పట్లు, గెలుస్తామో పోటీపడి చెప్పే బిడ్డింగ్) అంటేనే భయం. తురుపు ఆటలు తెలిసినవారికి ముక్కలు వేయడం కొత్త కాదు. బిడ్డింగ్ దగ్గరికి వచ్చేసరికి విన్న మాటలన్నీ అడ్డుపడతాయి.

అపోహ: సిస్టమ్ అంటే జోడీ మధ్య రహస్య సంకేతాలు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. సిస్టమ్ అంటే ఏ పాటకు ఏ అర్థమో జోడీ చేసుకున్న ఒప్పందాలు. ఏ పాటకు ఏ అర్థం పెట్టుకున్నామో ఎదుటి జోడీకీ తెలియాలి, అది నిబంధన. మన ఒప్పందాలన్నీ రాసిన సిస్టమ్ కార్డు వారికి అందుబాటులో ఉంచాలి. పాటకు మామూలు అర్థం కాక వేరే అర్థం ఉంటే, సాధారణంగా పాడినవారి భాగస్వామి ‘అలర్ట్’ చెప్పాలి, అడిగితే వివరించాలి. దాచుకునే హక్కు చేతిలోని 13 ముక్కలకే ఉంది. భాగస్వామి తటపటాయించి పాస్ అంటే, ఆ తటపటాయింపును ఆధారం చేసుకుని పాడకూడదు. గొంతులోని తేడాలు కూడా వినపడకూడదనే టోర్నమెంట్లలో నోటితో పాడకుండా బిడ్డింగ్ బాక్సులోంచి కార్డులు తీసి పెడతారు.

అపోహ: కన్వెన్షన్లు (పాటకు పెట్టుకునే ప్రత్యేక అర్థాలు) ఎన్ని తెలిస్తే అంత బలం.

పాటలోని అంకె ఆరు ట్రిక్కులకు పైన ఎన్ని గెలుస్తామో చెబుతుంది. ఒక కళావరు నుంచి ఏడు నో ట్రంప్ (తురుపు లేని ఆట) దాకా పాటలు 35. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే మనకున్న మాటలు 38. ఒక మాటకు కొత్త అర్థం ఇస్తే పాత అర్థం పోతుంది. స్టేమన్ అనే కన్వెన్షన్ ఆడేవారు భాగస్వామి పాడిన ఒక నో ట్రంప్‌కు జవాబుగా రెండు కళావర్లు పాడి, నాలుగు ముక్కల ఆఠీను గానీ ఇస్పేటు గానీ ఉందా అని అడుగుతారు. ఇక నిజంగా కళావర్లున్నాయని చెప్పడానికి ఆ పాట మిగలదు. (శామ్ స్టేమన్ అనే ఆటగాడి పేరుతో ప్రచారమైనా, దాన్ని రూపొందించింది ఆయన భాగస్వామి జార్జ్ రాపీ.)

నేను కొత్తలో ఒక టోర్నమెంటుకు ముందు రాత్రి భాగస్వామితో కూర్చుని ఆరు కన్వెన్షన్లు రాసుకున్నాను. మర్నాడు నేను ఒక నో ట్రంప్ పాడితే ఆమె రెండు ఆఠీన్లు పాడింది. తన దగ్గర ఐదు ఇస్పేట్లున్నాయి, రెండు ఇస్పేట్లు పాడమని దాని అర్థం. నేను మరచిపోయి పాస్ అన్నాను. ఆమెకు ఒకే ఆఠీను, నాకు మూడు. మిగిలిన తొమ్మిది తురుపులూ ప్రత్యర్థుల దగ్గరే. అలర్ట్ కూడా చెప్పలేదు కనుక వారికీ అన్యాయం చేశాను. ఆ తరువాత ఒక కన్వెన్షన్ ఇద్దరికీ వంటబట్టేదాకా రెండోది ముట్టుకోలేదు.

అపోహ: పాయింట్లు లెక్కపెడితే చాలు.

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తంలో 40. ఇద్దరికీ కలిపి 25 ఉంటే గేమ్ (బోనస్ తెచ్చే స్థాయి పాట) ఆశించవచ్చు. నో ట్రంప్‌లో ఈ లెక్క బాగా పనిచేస్తుంది. తురుపు ఆటలో మాత్రం చేతి ఆకారం మాట్లాడుతుంది. భాగస్వామి ఐదు ముక్కలతో ఒక ఇస్పేటు పాడినప్పుడు నా చేతిలో ఐదు ఇస్పేట్లు, ఒకే ఆఠీను, ఆరు పాయింట్లు ఉంటే నేను నేరుగా నాలుగు ఇస్పేట్లు పాడతాను. పది ట్రిక్కులు రావచ్చు, రాకపోయినా ప్రత్యర్థులు తమ ఆఠీన్లు పాడుకునే చోటు పోతుంది.

అపోహ: అన్నిటికన్నా గొప్ప సిస్టమ్ ఒకటుంది.

1969లో బెర్ముడా బౌల్ అనే ప్రపంచ జట్ల పోటీలో తైవాన్ జట్టు ప్రిసిషన్ అనే సిస్టమ్‌తో రెండో స్థానం సాధించాక చాలామంది దానివైపు పరుగెత్తారు. ఆ ఏడు గెలిచిన ఇటలీ ఆడినది ప్రిసిషన్ కాదు. కొత్తగా ఏది నేర్చుకోవాలని అడిగితే, మీ క్లబ్బులో ఎక్కువమంది ఆడేది నేర్చుకోండి అంటాను. భాగస్వామి ఒకరోజు రాకపోయినా ఇంకొకరితో కూర్చోగలుగుతారు.