డిస్టార్షన్ పెడల్‌కు మిగతా సగం స్పీకరే

కోనసీమ ఊళ్ళలో పండగ ఆర్కెస్ట్రాలోనైనా, పాలకొల్లు, నరసాపురం వైపు చర్చిలోనైనా ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటారు కొత్త వాద్యమేమీ కాదు. అయితే వాయించే అబ్బాయి, గిటారు నాదాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్‌ను కాలితో నొక్కగానే చాలాచోట్ల బాక్సుల్లోంచి గర్జనకు బదులు చెవిని కోసే రొద వస్తుంది. లోపం పెడల్‌దే అనుకుని ఇంకాస్త ఖరీదైనది కొంటారు. రొద తగ్గదు. ఆ పెడల్‌ను రూపొందించినవాళ్ళు దాని తరువాత గిటారు యాంప్లిఫయరు, దానికి 12 అంగుళాల స్పీకరు ఉంటాయని లెక్క వేసుకున్నారు. మన స్టేజీల మీద అవి కనిపించవు. పెడల్ నుంచి వైరు నేరుగా మిక్సర్‌లోకి, అక్కడినుంచి పెద్ద బాక్సుల్లోకి పోతుంది.

ముందు పెడల్ లోపలి సంగతి. తీగ కదలికను పికప్ చిన్న వోల్టేజిగా మారుస్తుంది. పెడల్ దాన్ని ఎన్నో రెట్లు పెంచి డయోడ్ల మీదికి పంపుతుంది. చెరువుకు కలుజు ఎలాగో ఈ సర్క్యూట్‌కు డయోడ్ అలాగ. నీరు మట్టం దాటితే కలుజు మీదుగా పొర్లిపోయినట్టే, సిలికాన్ డయోడ్ దగ్గర వోల్టేజి సుమారు 0.6 దాటితే ఆ పైది పక్కకు పోతుంది. తరంగపు శిఖరాలు చదునవుతాయి. జెర్మేనియం డయోడ్‌కు ఆ మట్టం సుమారు 0.3 వోల్టులే, అదీ ఒక్కసారిగా కాక మెల్లగా అడ్డుకుంటుంది, కాబట్టి శిఖరాల అంచులు కాస్త గుండ్రంగా మిగులుతాయి.

శిఖరాలు చదునైతే అంతకుముందు లేని స్వరాలు పుడతాయి. స్వచ్ఛమైన 110 హెర్ట్జ్ తరంగాన్ని పైనా కిందా ఒకేలా కోస్తే 330, 550, 770 హెర్ట్జ్‌ల దగ్గర అనుస్వరాలు (మూల స్వరానికి రెట్లలో ఉండే పై స్వరాలు, హార్మోనిక్స్) వస్తాయి. పైన ఒకలా కింద ఒకలా కోస్తే 220, 440 కూడా చేరతాయి. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ స్టూడియో పరికరం చెడిపోయి గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు బొంగురుగా పలికింది. ఆ బొంగురే బాగుందనిపించి అదే ధ్వని కోసం సర్క్యూట్ కట్టారు. 1962లో అది మ్యాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్‌గా బజారుకొచ్చింది.

అనుస్వరాలను పెంచి నాదాన్ని నింపడం మనకు కొత్త కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద చిన్న దారప్పోగు పెట్టి సరిచేస్తే నాదం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాల మీద రాసిన పరిశోధనా వ్యాసంలో ఇదే పట్టుకున్నారు. తీగను మీటిన చోటును బట్టి అసలు వినిపించకూడని అనుస్వరాలు కూడా ఆ బ్రిడ్జి వల్ల బలంగా పలుకుతున్నాయని చూపారు. డయోడ్ వోల్టేజికి అడ్డుపడుతుంది, తంబురా బ్రిడ్జి తీగ కదలికకు అడ్డుపడుతుంది. దారులు వేరైనా ఫలితం ఒక కుటుంబానిదే.

ఈ చుట్టరికం వాయించేవాళ్ళకు నేరుగా పనికొస్తుంది. గిటారుపై A మేజర్ కార్డు (ఒకేసారి పలికించే స్వరాల గుంపు) పట్టి, డిస్టార్షన్ పెట్టి, దాని అయిదు తీగలూ ఊపితే ముద్ద వినిపిస్తుంది. రెండు స్వరాలు కలిసి డయోడ్‌లోకి వెళితే వాటి అనుస్వరాలతో పాటు వాటి పౌనఃపున్యాల మొత్తం, తేడా కూడా బయటికొస్తాయి. ఆ కార్డులో 110, 164.8, 220, 277.2, 329.6 హెర్ట్జ్ స్వరాలుంటాయి. పక్కపక్క తేడాలు తీసి చూడండి: 54.8, 55.2, 57.2, 52.4. మంద్రంలో ఇంత దగ్గరగా చేరినవి ఒకదానితో ఒకటి పొసగవు. చిక్కంతా 277.2 దగ్గరుంది. 110, 220లను షడ్జమం అనుకుంటే అది అంతర గాంధారం. సహజంగా అది 275 హెర్ట్జ్ వద్ద ఉండాలి. స్థాయిని 12 సమభాగాలు చేసిన గిటారు మెట్ల మీద కొంచెం పైకి జరిగింది. డిస్టార్షన్ లేనప్పుడు చెవి ఆ తేడాను క్షమిస్తుంది. పెడల్ క్షమించదు.

అందుకే రాక్ సంగీతంలో షడ్జమం, పంచమం రెండే పట్టే పవర్ కార్డు నిలబడింది. 110, 165లను తీసుకుంటే తేడా 55, మొత్తం 275. అన్నీ 55కు గుణిజాలే. ఆ 275 తేటైన అంతర గాంధారం. 110కి అయిదో అనుస్వరమైన 550 దాని పై స్థాయి గాంధారం. అంటే గాంధారాన్ని మనం మీటనక్కరలేదు, పెడలే పలికిస్తుంది. తంబురాలో ఎవరూ మీటని స్వయంభూ గాంధారం వినిపించేది కూడా ఈ అయిదో అనుస్వరం వల్లనే. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

ఇక స్పీకరు. గిటారు స్పీకరు దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటాక గబగబా నీరసించిపోతుంది. పాటలు వినడానికి అది పనికిరాదు, డిస్టార్షన్‌కు మాత్రం అదే ప్రాణం. 110 హెర్ట్జ్ స్వరానికి 46వ అనుస్వరం నుంచి పైవన్నీ ఆ గీత దాటి ఉంటాయి. విడివిడిగా అవి బలహీనమే, గుంపుగా వస్తే స్వరంలా కాక బరబరలా వినిపిస్తాయి. గిటారు స్పీకరు వాటిని దాచేస్తుంది. పెళ్ళి పందిట్లో పెట్టే బాక్సులోని హారన్ పది పదిహేను వేల హెర్ట్జ్ దాకా ఒక్కటీ వదలకుండా వినిపిస్తుంది. మిక్సర్‌లో హై నాబ్ తగ్గించినా పూర్తిగా కుదరదు. చిన్న మిక్సర్లలో అది సాధారణంగా 10, 12 వేల హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, మనం కోయవలసింది 5 వేల నుంచి. చిన్న గిటారు యాంప్లిఫయరు పెట్టి దాని ముందు మైకు నిలబెట్టడం ఒక దారి. లేదంటే పెడల్‌కూ మిక్సర్‌కూ మధ్య క్యాబినెట్ సిమ్యులేటర్, అంటే గిటారు స్పీకరులాగే పై అనుస్వరాలను తగ్గించే పరికరం, పెట్టాలి. రెండో పెడల్‌కు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

డయోడ్ల కోతకు ముందు ఏం జరుగుతుందన్నది కూడా ముఖ్యమే. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ సర్క్యూట్ సిగ్నల్‌ను సుమారు 12 నుంచి 118 రెట్ల దాకా పెంచుతుంది, కానీ 720 హెర్ట్జ్‌కు దిగువన ఆ పెంపు తగ్గుతూ పోతుంది. మందపు తీగల ఊపు పెద్దది. దాన్ని అలాగే డయోడ్ల మీదికి వదిలితే మిగతా స్వరాలను మింగేస్తుంది. కాబట్టి పెడల్‌కు ముందే బాస్ తగ్గించి, కావాలంటే తరువాత పెంచుకోవాలి. గెయిన్, అంటే ఈ పెంపును ఎక్కువ తక్కువ చేసే నాబ్, విషయంలో నా మాట ఖాయం: సగం దాటించవలసిన పాట అరుదు. గెయిన్ పెరిగితే గట్టిగా మీటినా మెత్తగా మీటినా ఒకటే అయిపోతుంది. పైగా 50 హెర్ట్జ్ కరెంటు హమ్ము, సీరియల్ లైట్ల డిమ్మర్ల గీర కూడా స్వరంతో సమానంగా పెరుగుతాయి.

ఇంట్లో చిన్నగా పెట్టి కుదుర్చుకున్న టోన్ స్టేజీ మీద మారిపోవడానికి కారణం చెవిలోనే ఉంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవికి మంద్రం సరిగా అందదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో కొలిచి చూపారు. ఇంట్లో ఆ లోటు పూడ్చడానికి బాస్ పెంచుతాం. స్టేజీ మీద శబ్దం పెరగగానే ఆ బాసే ఉప్పొంగి, పాటలో గిటారును నిలిపే మధ్యస్థాయి మునిగిపోతుంది. కాబట్టి టోన్‌ను వాయించబోయే శబ్దంలోనే, డ్రమ్ములు మోగుతుండగానే సరిచేయాలి. ఆ తరువాత పాట నడుస్తున్నప్పుడు చేతికి దొరికేది గిటారు మీది వాల్యూమ్ నాబ్. చరణంలో దాన్ని కాస్త తగ్గిస్తే డయోడ్ల దగ్గరికి వెళ్ళే వోల్టేజి తగ్గి, పెడల్ ఆపకుండానే స్వరం తేటపడుతుంది. పల్లవికి మళ్ళీ పూర్తిగా తెరవవచ్చు.