వృద్ధులైన తల్లిదండ్రులతో ఓడ విహారం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పెద్దవయసువారి కోసం ప్రయాణాలు ఏర్పాటు చేయడం నా వృత్తి. మా కార్యాలయానికి వచ్చేవారిలో పెరంబూరు, కొళత్తూరు, టి.నగర్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఎక్కువ. 2022 జూన్‌లో చెన్నై హార్బర్ నుంచి కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వైపు ప్రయాణాలు మొదలుపెట్టిన తరువాత, అమ్మను ఒకసారి ఓడ ఎక్కించాలనే కోరిక చాలా ఇళ్లలో బయటపడింది. కోరికతో పాటు భయాలూ వచ్చాయి. అయితే అలలను, వాంతులను తలచుకొని వెనుకాడేవారు స్నానాలగది గడప గురించి, మందుల సంచి గురించి, బీమా పత్రంలోని షరతుల గురించి సాధారణంగా ఒక్క ప్రశ్నయినా అడగరు. పెద్దవారి ప్రయాణం సుఖంగా సాగడమో, చెడడమో ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే తేలుతుంది కనుక, నేను తరచుగా వినే మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: ఈ వయసులో సముద్రం పడదు, సగం రోజులు వాంతులతోనే గడిచిపోతాయి.

వాస్తవం: ప్రయాణంలో కడుపు తిప్పడం చిన్నపిల్లలలో ఎక్కువ, వయసు పైబడేకొద్దీ అది సాధారణంగా తగ్గుతుంది. పెద్ద ఓడలకు నీటిమట్టం కింద రెండు వైపులా రెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి ఓడ పక్కలకు ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి గానీ, ముందుభాగం లేచి పడే ఊపును పెద్దగా ఆపలేవు. అందువల్ల ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో ఉండే గదికి కుదుపు తక్కువ. బంగాళాఖాతంలో తుపానులు ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎక్కువగా వస్తాయి కాబట్టి తేదీలు ఎంచుకునేటప్పుడు పిల్లల సెలవులతో పాటు ఈ కాలాలను కూడా చూసుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పడిపోవడం. మోకాళ్ల నొప్పులో, కాళ్ల తిమ్మిర్లో ఉన్న మనిషికి నేల కొద్దిగా కదిలినా తూలు వస్తుంది. దానికి తోడు, వాంతులు రాకుండా ముందుజాగ్రత్తగా అంటూ పిల్లలు ఇచ్చే మాత్రలే ఒక్కోసారి ప్రమాదం తెచ్చిపెడతాయి. ప్రోమెథజైన్ వంటి మందులు పెద్దవారికి మగతను, నోరు ఎండిపోవడాన్ని, కొందరిలో తికమకను కలిగిస్తాయి. ప్రొస్టేట్ వాపు ఉన్న మగవారికి మూత్రం బిగబట్టుకుపోయేలా చేయగలవు. ఇదే పనికి వాడే సినారిజైన్ పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారి లక్షణాలను పెంచవచ్చు. కనుక ఇంట్లో మిగిలి ఉన్న మాత్రను సంచిలో పడేసుకోకుండా, రోజూ చూసే డాక్టరుగారికి మొత్తం మందుల చీటీ చూపించి, ఏది వేయవచ్చునో, ఎంత మోతాదులో వేయవచ్చునో అడిగి రాయించుకోవాలి.

అపోహ: పడవ అంటే ప్రాణాలతో చెలగాటమే, గోదావరిలో ఏం జరిగిందో చూశాం కదా.

వాస్తవం: 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదాన్ని మన పెద్దవారు మరచిపోలేదు, మరచిపోవలసిన విషయమూ కాదు. అయితే వరద ఉధృతిలో వెళ్లిన ఆ విహార పడవకు, అంతర్జాతీయ సముద్ర భద్రతా నిబంధనల కింద నడిచే ఓడకు పోలిక లేదు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ మునిగిన తరువాత ఈ నిబంధనలను ఇంకా బిగించారు. కొత్తగా ఎక్కిన ప్రయాణికులందరికీ ఓడ బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన వెంటనే భద్రతా అభ్యాసం జరిపి తీరాలి. ఏడు చిన్న కూతలు, ఆ తరువాత ఒక పొడవైన కూత వినిపిస్తే చేరవలసిన చోటు ఏదో అప్పుడే చూపిస్తారు. ఆ సమయంలో లిఫ్టులు వాడకూడదు. అందుచేత మెట్లు దిగలేని తల్లిదండ్రులు ఉన్నవారు ఆ సంగతిని టికెట్టు తీసుకునేటప్పుడే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అత్యవసర సమయంలో సహాయం కావలసినవారి జాబితాలో వారి పేరు చేరిందో లేదో ఎక్కిన రోజే మళ్లీ అడగాలి. నాన్నగారిని గదిలో పడుకోబెట్టి అభ్యాసానికి మిగతావారు మాత్రమే వెళ్లడం ఎంతమాత్రం మంచిది కాదు.

అపోహ: గది పడుకోవడానికే కదా, కిటికీ లేని చవక గది చాలు.

వాస్తవం: ముప్పై ఏళ్లవారికి ఆ మాట చెల్లుతుంది. డెబ్బై అయిదేళ్ల తల్లి మధ్యాహ్నం నడుము వాల్చాలి, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి, అందరూ ఈతకొలను దగ్గర సందడి చేస్తున్న సమయంలో తాను నిశ్శబ్దంగా కూర్చోవాలి. రోజులో ఎక్కువ గంటలు ఆమె గడిపేది ఆ గదిలోనే. లోపలి గదిలో దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియనంత చీకటిగా ఉంటుంది. జ్ఞాపకశక్తి తగ్గుతున్నవారికి ఆ చీకటి చాలా కష్టం. మెలకువ వచ్చి, ఎక్కడ ఉన్నామో అర్థంకాక, తలుపు తీసుకొని బయటికి వచ్చేస్తారు. బయట పొడవైన నడవా, దానికి రెండు వైపులా ఒకే తీరు తలుపులు. అటువంటివారి గది తలుపుకు వారికి బాగా తెలిసిన రంగు రుమాలు ఒకటి కట్టి ఉంచమని నేను చెబుతాను. ఖర్చు తగ్గించుకోవాలంటే రాత్రులలో ఒకటి తగ్గించుకోండి గానీ, కిటికీనో బాల్కనీనో వదులుకోవద్దు.

ఇక స్నానాలగది. మామూలు గదుల స్నానాలగదికి, నీళ్లు గదిలోకి రాకుండా, కొంచెం ఎత్తయిన గడప ఉంటుంది. పగలు అది కంటికి ఆనకపోయినా, రాత్రి నిద్రమత్తులో పాదం తగలడానికి ఆ ఎత్తు చాలు. విల్లివాక్కం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, మోకాలు పూర్తిగా వంగని మనిషి, గది చూపించగానే ముందు ఆ గడపకు ఎదురుగా నిలబడి, పక్కకు తిరిగి, గోడకున్న పిడిని పట్టుకొని, మంచి కాలు ముందు వేసి దాటడం కోడలి ముందు పదే పదే సాధన చేశారు. ఆ తరువాతే పెట్టె తెరవనిచ్చారు. అటువంటి ముందుచూపును నేను అందరికీ చెబుతూ ఉంటాను. గడప లేకుండా, వెడల్పాటి తలుపులతో, స్నానం చేసేచోట కూర్చోవడానికి పీట, పిడులతో ఉండే ప్రత్యేక గదులు ఉన్నాయి గానీ ప్రతి ఓడలోనూ అవి కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. విదేశీ ఓడలలో చాలా వాటి మరుగుదొడ్లలో నీటి గొట్టం ఉండదు, కాగితమే ఉంటుంది. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టుకుంటే మన పెద్దవారి సగం ఇబ్బంది తీరిపోతుంది. ఈ విషయం నోరు తెరిచి అడగడానికి వారు మొహమాటపడతారు కనుక మనమే సర్దాలి.

గదిలో మూడో పడక చవకగా వస్తుందని అమ్మను, కొడుకు కోడళ్లను ఒకే గదిలో సర్దడం కూడా నేను ఒప్పుకోను. ఆ మూడో పడక తరచుగా పైనుంచి దింపే బల్ల మంచమో, సోఫాయో అవుతుంది. రాత్రివేళ ఎవరో ఒకరు ఇరుకున పడతారు.

అపోహ: ఓడలో డాక్టరు ఉంటాడు, ఏం జరిగినా అక్కడే చూసుకుంటారు.

వాస్తవం: సముద్రంలో తిరిగే పెద్ద ఓడలలో డాక్టరు, నర్సులు, ఈసీజీ, ఆక్సిజన్, సెలైన్, కొన్ని రక్తపరీక్షలు, చాలా వాటిలో ఎక్స్‌రే కూడా ఉంటాయి. గుండెపోటు వచ్చిన మనిషికి తొలి చికిత్స అక్కడ అందుతుంది. కానీ యాంజియోప్లాస్టీ, ఆపరేషన్ అక్కడ జరగవు. రోగిని నిలకడకు తెచ్చి తదుపరి రేవులోని ఆసుపత్రికి అప్పగించడమే ఆ వైద్యశాల పని. హెలికాప్టరు తీరానికి కొంత దూరం వరకే రాగలదు, అది కూడా వాతావరణం అనుకూలిస్తేనే. డయాలసిస్ సౌకర్యం చాలా ఓడలలో ఉండదు కనుక వారానికి రెండు మూడుసార్లు అది అవసరమైనవారు ఈ ప్రయాణం గురించి తమ నెఫ్రాలజిస్టుతో (కిడ్నీ డాక్టరుతో) మాట్లాడకుండా డబ్బు కట్టకూడదు.

ఓడలో చికిత్స ఖర్చును గది ఖాతాలో రాస్తారు. సాధారణంగా అక్కడ చెల్లించి, రసీదులు తెచ్చుకొని, తరువాత బీమా సంస్థకు పంపుకోవాలి. మన దేశంలో తీసుకున్న ఆరోగ్య బీమాలు చాలా వరకు దేశం లోపలి చికిత్సకే వర్తిస్తాయి. ప్రయాణ బీమా తీసుకున్నా మూడు సంగతులు చదివి తెలుసుకోవాలి: ముందునుంచీ ఉన్న బీపీ, మధుమేహం, గుండెజబ్బులను లెక్కలోకి తీసుకుంటారా లేక ప్రాణాపాయ స్థితిలో మాత్రమేనా, అరవై దాటినవారికి చికిత్స మొత్తంపై విడిగా పరిమితి ఉందా, సముద్రం మీది నుంచి రోగిని తరలించే ఖర్చు ఇస్తారా. ప్రీమియం తగ్గుతుందని ఉన్న జబ్బును దాచడం కన్నా బీమా తీసుకోకపోవడం నయం, ఎందుకంటే దాచిన జబ్బుతో వచ్చిన క్లెయిమును సంస్థ తిరస్కరించవచ్చు.

మందుల సంచి మాట ఇక్కడే చెప్పాలి. ఎక్కేటప్పుడు మన చేతిలోంచి తీసుకునే పెట్టెలు గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది; ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. మధ్యాహ్నం వేయవలసిన మాత్ర, భోజనానికి ముందు ఇన్సులిన్ ఆ పెట్టెలో ఇరుక్కుపోతే మొదటిరోజే షుగరు అదుపు తప్పుతుంది. మందులు, చీటీలు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి, మందులు ప్రయాణం కన్నా అయిదారు రోజులకు ఎక్కువే ఉండాలి. గదిలోని చిన్న ఫ్రిజ్ పానీయాల కోసం పెట్టినది, దాని చల్లదనం నిలకడగా ఉండదు. తెరవని ఇన్సులిన్‌ను ఓడ వైద్యశాలలో భద్రపరచగలరా అని ముందే అడగాలి.

అపోహ: సుందరమైన సముద్రయానం అంటే ఎన్ని రేవులుంటే అంత మంచిది.

వాస్తవం: మోకాళ్లు సహకరించని తల్లిదండ్రులకు నేను దీనికి పూర్తిగా విరుద్ధమైన సలహా ఇస్తాను. కూర్చున్న చోటికే దృశ్యం వచ్చే మార్గాలను ఎంచుకోవాలి. అలాస్కాలోని గ్లేసియర్ బే ఇందుకు గొప్ప ఉదాహరణ: రోజుకు రెండు పెద్ద విహార ఓడలను మించి అక్కడికి అనుమతించరు, ఎవరూ దిగనక్కరలేదు, ఆ జాతీయ ఉద్యానవనపు రేంజర్లే ఓడ ఎక్కి మైకులో వివరిస్తారు, మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ నెమ్మదిగా తిరుగుతుంది కనుక రెండు వైపుల బాల్కనీలకూ మంచుగోడ కనిపిస్తుంది. నార్వేలోని గెయిరాంగర్ ఫియోర్డులో (నిటారు కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సన్నని సముద్రపాయలో) ఏడు పాయల జలపాతాన్ని డెక్కు మీద దుప్పటి కప్పుకొని కుర్చీలోంచే చూడవచ్చు. దీనికి భిన్నంగా వియత్నాంలోని హాలాంగ్ బే ఫొటోలలో అంతే ప్రశాంతంగా కనిపించినా, అక్కడ రాత్రి బస చేసే పడవలు చిన్నవి. చాలా వాటిలో లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, గుహలు చూడాలంటే ఇంకో చిన్న పడవలోకి మారాలి.

ప్రయాణ పట్టికలో ఏ రేవులో ఓడ గట్టును ఆనుకొని నిలుస్తుందో, ఎక్కడ నీటి మధ్య లంగరు వేసి చిన్న పడవలలో దింపుతారో తప్పక అడగండి. రెండో రకం చోట అలలు ఉంటే వీల్‌చైర్‌ను ఎక్కించుకోరు. ఓడవారు ఇచ్చే వీల్‌చైర్ సాధారణంగా ఎక్కడానికి, దిగడానికి మాత్రమే. రోజంతా కావాలంటే మనదే తీసుకువెళ్లాలి.

వీసాల మాట క్లుప్తంగా: వాంకూవరులో ఎక్కే అలాస్కా ఓడకు కెనడా, అమెరికా వీసాలు రెండూ కావాలి. అమెరికాలోని సియాటిల్‌లో ఎక్కినా ఓడ దారిలో కెనడా రేవు ఒకటి తాకుతుంది, ఎందుకంటే విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యనే తిరిగి రావడాన్ని 1886 నాటి అక్కడి చట్టం ఒప్పుకోదు. సింగపూర్‌లో ఎక్కి, బయటి రేవులు చూసి, తిరిగి అక్కడే దిగేవారు వీసా ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొస్తుందో లేదో చూసుకోవాలి. ఓడ బయలుదేరే రోజునే విమానం దిగే పథకం పెద్దవారికి పనికిరాదు. ఒకటి రెండు రోజుల ముందు చేరి విశ్రాంతి తీసుకోవాలి.

అపోహ: పూజ, మడి, పథ్యం ఉన్నవారికి ఓడ కుదరదు.

వాస్తవం: కుదురుతుంది, కానీ కొన్ని నియమాలు ముందే వారికి చెప్పాలి. గదిలో దీపం, అగరుబత్తి, కర్పూరం వెలిగించకూడదు. అగ్నిప్రమాదం కారణంగా ఇది చాలా కఠినమైన నిషేధం. బ్యాటరీ దీపం ముందు స్తోత్రం చదువుకోవడానికి అమ్మ ఒప్పుకుంటుందో లేదో ఇంట్లోనే అడగండి. ఓడ ఎక్కాక సెక్యూరిటీ వారు ప్రమిదను తీసి పక్కన పెట్టినప్పుడు ఆమె మనసు నొచ్చుకోవడం కన్నా అది మేలు. ఎలక్ట్రిక్ కుక్కరు, కెటిల్ కూడా తీసుకువెళ్లనివ్వరు. ఇంట్లో వండిన పదార్థాలను చాలా ఓడలు అనుమతించవు గానీ, సీలు వేసిన పొడులకు, పచ్చళ్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఉప్పు, కారం తక్కువగా కావాలన్నా, రాత్రికి పెరుగన్నం కావాలన్నా ముందురోజే భోజనశాల పర్యవేక్షకుడికి చెబితే ఏర్పాటు చేస్తారు. బఫేకు వెళ్లే ముందు చేతులు సబ్బుతో కడగాలి. ఓడలలో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్‌ మీద శానిటైజరు అంతగా పనిచేయదు.

అపోహ: మా నాన్నగారు దేనికీ కాదనరు, అన్నీ మేమే నిర్ణయిస్తే చాలు.

వాస్తవం: కాదనకపోవడం ఇష్టపడటం కాదు. పిల్లల ఉత్సాహం చెడగొట్టకూడదని చాలామంది పెద్దవారు తల ఊపుతారు. అందుకే వీలైతే నేను వారితో విడిగా, తొందర లేకుండా మాట్లాడతాను: రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఎంతసేపు నిలబడగలరు, మెట్లు ఎక్కడం కష్టమా దిగడం కష్టమా, ఒంటరిగా గదిలో ఉండాలంటే భయమా. వారి జవాబులను బట్టి ప్రయాణం పొడవు నిర్ణయించాలి. ఇంతవరకు ఓడ ఎక్కనివారికి, చెన్నై నుంచి ఓడలు నడిచే కాలంలో, రెండు మూడు రాత్రుల ప్రయాణం మొదట చేయించి, నచ్చితే అలాస్కా, నార్వేల ఆలోచన చేయడం మంచిది. ఆ దూర ప్రయాణాలకు ప్రత్యేక గది కావలసినవారు దాదాపు ఏడాది ముందే అడగాలి. ఆ గది దొరికిందని ఖాయమైన తరువాతనే విమాన టికెట్లు కొనాలి.